పట్టూ విడుపూ: ఎంజైములు కాని ప్రోటీన్ల సంగతి

ప్రోటీన్లు ఏం చేస్తాయని అడిగితే సైన్సు చదువుకున్నవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఎంజైము. కాసేపు ఆగి, “ఆఁ, కండలు కూడా” అంటారు. ఈ రెండు జవాబుల మధ్య ఎంత పెద్ద ఖాళీ ఉందో తెలియాలంటే ఒంట్లో ఉన్న ప్రోటీన్‌ని తూకం వేసి చూడాలి. మొత్తంలో పావు వంతు పైచిలుకు ఒక్క కొల్లాజెన్‌దే. అది ఏ రసాయన చర్యనూ నడిపించదు. ఐదు లీటర్ల రక్తంలో ముప్పాతిక కిలో హిమోగ్లోబిన్ ఉంటుంది, అదీ ఎంజైము కాదు. ప్లాస్మా ప్రోటీన్లలో సగానికి పైగా ఆల్బుమిన్. ఎంజైము అన్న పేరు దానికీ చెల్లదు. కండరాల్లో ఆక్టిన్, టైటిన్. జుట్టులో, గోళ్లలో, చర్మం పైపొరలో కెరటిన్. పద్దుల పుస్తకంలో పెద్ద అంకెలున్న పేజీలన్నీ ఇలాంటివే. కండరాల్లోనే ఉండే మయోసిన్ గొడవ మాత్రం వేరు, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మరి ఎంజైమే ఎందుకు ముందు గుర్తొస్తుంది? జీవరసాయన శాస్త్రం పెరిగిన తీరు అలాంటిది. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికంగా తీసి, అది ప్రోటీనే అని చూపించాడు. అప్పటిదాకా ఆ మాటను పెద్ద పెద్దవాళ్లే ఒప్పుకోలేదు. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు చర్యల పటాల చుట్టూ అల్లుకున్నాయి: గ్లూకోజు ఇలా మారుతుంది, కొవ్వు అలా విరుగుతుంది, ప్రతి బాణం గుర్తు మీదా ఒక ఎంజైము పేరు. బాణం గుర్తు లేని పని చేసే ప్రోటీన్‌కి ఆ పటంలో చోటే లేకుండా పోయింది. పైగా ఎంజైములన్నీ ప్రోటీన్లే అన్నది కూడా నిజం కాదు. కొన్ని ఆర్‌ఎన్‌ఏ అణువులు సొంతంగా చర్యలు నడిపిస్తాయని చూపినందుకే సిడ్నీ ఆల్ట్‌మన్, థామస్ చెక్‌లకు 1989లో నోబెల్ వచ్చింది. అంటే ప్రోటీన్‌కీ ఎంజైముకీ మనం వేసిన ముడి రెండు వైపులా వదులే.

నా వాదన ఇది. ప్రోటీన్ అసలు పని పట్టుకోవడం, వదలడం. ఎంజైము కూడా పట్టుకునేదే, కాకపోతే పట్టుకున్నదాన్ని మార్చి వదులుతుంది. కొన్ని మార్చకుండా వదులుతాయి. కొన్ని పట్టుకుని వదలనే వదలవు, అదే వాటి ఉద్యోగం. కాబట్టి ఏ ప్రోటీన్ గురించైనా ముందు అడగాల్సింది “ఏ చర్యను వేగం చేస్తుంది?” అని కాదు. దేన్ని పట్టుకుంటుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కడ వదులుతుంది, అలాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయి? ఈ నాలుగూ అడగకపోతే రోగాలూ అర్థం కావు, రక్తపరీక్ష రిపోర్టులూ అర్థం కావు.

ఒకే కణంలో రెండు కొలువులు

ఎర్ర రక్తకణాన్నే తీసుకుందాం. అందులో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఉంది. కార్బన్ డయాక్సైడును నీళ్లతో కలిపి బైకార్బొనేట్ చేయడం దాని పని. ఒక్క అణువు సెకనుకు సుమారు 10 లక్షల సార్లు ఆ పని చేయగలదు. అంత వేగం ఉంది కాబట్టి అది కొంచెమే ఉన్నా చాలు. ఎర్రకణంలో హిమోగ్లోబిన్ తర్వాత స్థానం దీనిదే, అయినా హిమోగ్లోబిన్ తూకంలో నూరో వంతుకి కాస్త అటూ ఇటూ.

హిమోగ్లోబిన్‌కి ఆ వెసులుబాటు లేదు. ఒక అణువు ఒక విడతకు మోసేది నాలుగంటే నాలుగు ఆక్సిజన్ అణువులు. ఊపిరితిత్తుల దగ్గర ఎక్కించుకుని, కండరం దగ్గర దించి, మళ్లీ చుట్టు తిరిగి రావడానికి నిమిషం పడుతుంది. వేగం పెంచే దారి లేదు కాబట్టి సంఖ్య పెంచాల్సిందే. అందుకే ఒక్కో ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. ఎంజైముకి వేగం ముఖ్యం, మోసేదానికి లెక్క ముఖ్యం.

ఆ లెక్క కూడా వేసి చూద్దాం. విశ్రాంతిగా కూర్చున్న మనిషికి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. హిమోగ్లోబిన్ లేకుండా ఒట్టి ప్లాస్మాలో కరిగే ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీలీటర్లు. దాంతోనే బతకాలంటే గుండె నిమిషానికి 80 లీటర్లకు పైగా తోడాలి, అదీ చివరి బొట్టు దాకా ఆక్సిజన్ పిండేస్తేనే. నిజానికి గుండె తోడేది 5 లీటర్లు. డెసిలీటరుకు 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే, గ్రాముకి 1.34 మిల్లీలీటర్ల చొప్పున, లీటరు రక్తం 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. ఐదు లీటర్లకు వెయ్యి. అందులో పావు వంతే వాడకం, మిగతాది పరుగెత్తాల్సి వచ్చినప్పటికి నిల్వ.

మోయడం కంటే గొప్ప విషయం దించడం. కండరంలో మయోగ్లోబిన్ అని హిమోగ్లోబిన్‌కి దగ్గర చుట్టం ఒకటి ఉంది. ఒంటి గొలుసుది, ఆక్సిజన్‌ని చాలా గట్టిగా పట్టుకుంటుంది. రక్తంలో హిమోగ్లోబిన్‌కి బదులు మయోగ్లోబిన్ పోశామనుకోండి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల పాదరసం, అక్కడ 97 శాతం నిండుతుంది. బాగానే ఉంది. కణజాలం దగ్గర పీడనం 40కి పడిపోతుంది, అక్కడ కూడా ఇది 93 శాతం నిండుగానే ఉంటుంది. నూటికి నాలుగు దించి, మిగతాది వెనక్కి మోసుకొచ్చే బండి ఎవరికి కావాలి? హిమోగ్లోబిన్ అదే 40 దగ్గర 75 శాతానికి దిగుతుంది. గట్టిగా పనిచేస్తున్న కండరంలో పీడనం 20కి వస్తే మూడో వంతే మిగుల్చుకుని తక్కినదంతా దించేస్తుంది. నాలుగు గొలుసులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉండటం వల్ల వచ్చిన గుణం ఇది: ఒకటి వదిలితే పక్కది కూడా వదలడానికి తేలికవుతుంది.

ఈ పట్టును సడలించడానికి ఎర్రకణం బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్ అనే చిన్న అణువును తయారు చేసుకుంటుంది. పొట్టిగా బీపీజీ. అది హిమోగ్లోబిన్ నడిమి గూట్లో దూరి, ఆక్సిజన్‌ని వదిలే భంగిమలో దాన్ని నిలబెడుతుంది. గర్భంలో బిడ్డ హిమోగ్లోబిన్‌కి బీపీజీ సరిగా అంటదు, అందుకే అది తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌ని లాక్కోగలదు. బ్లడ్ బ్యాంకులో నిల్వ ఉన్న రక్తంలో రెండు వారాల్లో బీపీజీ దాదాపు అడుగంటుతుంది. ఆ రక్తం ఎక్కించగానే హిమోగ్లోబిన్ అంకె పెరుగుతుంది కానీ, ఆ కణాలు ఆక్సిజన్‌ని మామూలుగా వదలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంకె చూసి “ఎక్కేసింది” అనుకోవడం సగం నిజమే.

విడుపు లేని పట్టు ఎంత ప్రమాదమో కార్బన్ మోనాక్సైడు చూపిస్తుంది. అది హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రక్తహీనతతో సగం హిమోగ్లోబిన్ పోయిన మనిషి ఆయాసపడుతూనైనా తిరుగుతాడు. కార్బన్ మోనాక్సైడు వల్ల సగం హిమోగ్లోబిన్ చిక్కుకున్న మనిషి ప్రాణాపాయంలో ఉంటాడు. రెండు చోట్లా పోయింది సగమే కదా? కాదు. నాలుగు చోట్లలో ఒకటో రెండో మోనాక్సైడు ఆక్రమిస్తే, మిగతా చోట్ల ఉన్న ఆక్సిజన్‌ని కూడా ఆ అణువు వదలదు. ఉన్న సరుకు కూడా దిగదు. పైగా వేలికి తగిలించే ఆక్సీమీటరు మోనాక్సైడు పట్టిన హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ పట్టినదిగా పొరబడి 98 చూపిస్తుంది. రక్తహీనతలో కూడా 98 చూపిస్తుంది, ఎందుకంటే అది కొలిచేది శాతం, సరుకు మొత్తం కాదు. మోనాక్సైడు అనుమానం ఉంటే రక్తనమూనాను కో-ఆక్సీమీటరులో పరీక్షించాలి. చికిత్స నిండు ఆక్సిజనే: మామూలు గాలిలో మోనాక్సైడు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, నూరు శాతం ఆక్సిజన్‌తో గంట, గంటన్నర.

సగం ఉంటే చాలా?

ఎంజైముకీ మిగతా ప్రోటీన్లకీ తేడా జన్యువుల దగ్గర ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మనకు ప్రతి జన్యువూ రెండు ప్రతులు. ఒకటి చెడిపోతే ఏమవుతుంది? ఫినైల్‌కీటోన్యూరియా లాంటి ఎంజైము లోపాల్లో ఒక్క ప్రతి మాత్రమే చెడిన తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉంటారు. ఎంజైము సగమే ఉన్నా, దాని ముందు పోగయ్యే పదార్థం కాస్త పెరిగి ఆ సగాన్నే ఎక్కువ పని చేయిస్తుంది. చర్యల గొలుసులో ఒక్క మెట్టు సగానికి తగ్గితే మొత్తం ప్రవాహం దాదాపు మారదని 1981లో హెన్రిక్ కాక్సర్, జేమ్స్ బర్న్స్ లెక్క కట్టి చూపించారు. అందుకే ఎంజైము లోపాల్లో చాలావరకు రెండు ప్రతులూ చెడితేనే బయటపడతాయి.

ఇప్పుడు ఎల్‌డీఎల్ రిసెప్టరును చూడండి. అది కణం గోడ మీద నిలబడి రక్తంలోని కొలెస్టెరాల్ కణికలను పట్టుకుని లోపలికి లాగుతుంది. ఒక్క ప్రతి చెడితే చాలు, రిసెప్టర్లు సగమై కొలెస్టెరాల్ దాదాపు రెట్టింపవుతుంది, నలభై యాభై ఏళ్లకే గుండె రక్తనాళాలు పూడుకుపోవచ్చు. మార్ఫన్ సిండ్రోమ్‌లో ఫిబ్రిలిన్, ఎముకల పెళుసు జబ్బులో కొల్లాజెన్: ఇవన్నీ ఒక్క ప్రతితోనే వచ్చేవి. ఇది కచ్చితమైన సూత్రం కాదు, ఒక మొగ్గు మాత్రమే. పోర్ఫిరియా అనే జబ్బుల్లో కొన్ని ఎంజైము లోపాలే అయినా ఒక్క ప్రతితో వస్తాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో చెడేది కణం గోడలోని ఒక దారి, ఎంజైము కాదు, అయినా రెండు ప్రతులూ చెడాలి. కానీ ఆ మొగ్గు ఎందుకుందో కొల్లాజెన్ దగ్గర చూస్తే కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

కొల్లాజెన్ ముప్పేట తాడు. మూడు గొలుసులు ఒకదాన్నొకటి చుట్టుకుని, 300 నానోమీటర్ల పొడవు, ఒకటిన్నర నానోమీటరు మందం ఉన్న కడ్డీ అవుతాయి. ఈ అమరికను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఇందులో ప్రతి మూడో అమైనో ఆమ్లమూ గ్లైసీనే అయి తీరాలి. మూడు పేటలూ కలిసే నడిమధ్య చోటు ఎంత ఇరుకంటే, పక్కకు ఒక్క హైడ్రోజన్ మాత్రమే పొడుచుకొచ్చే గ్లైసీన్ తప్ప ఇంకేదీ పట్టదు. ఎముకల్లో, చర్మంలో, టెండన్లలో ఉండే ఒకటో రకం కొల్లాజెన్ గొలుసులో ఇలాంటి మూడేసి జట్లు 338, వరసగా, మధ్యలో తేడా లేకుండా. పేటలు చుట్టుకోవడం ఒక కొస నుంచి జిప్పు వేసినట్టు మొదలవుతుంది. దారిలో ఒక గ్లైసీన్‌కి బదులు ఇంకేదైనా తగిలితే జిప్పు అక్కడ ఇరుక్కుంటుంది. చుట్టుకోవడం ఆలస్యమైన భాగానికి ఎంజైములు అదనంగా చక్కెరలు అంటిస్తాయి, తాడు ఉబ్బుతుంది, పక్క తాళ్లతో సరిగా పేర్చుకోదు. మొదలుపెట్టిన కొసకు దగ్గరగా పడిన తప్పు మామూలుగా ఎక్కువ చేటు చేసేది అందుకే.

ఇక లెక్క. ఒకటో రకం తాడులో రెండు పేటలు ఆల్ఫా ఒకటి, ఒక పేట ఆల్ఫా రెండు. ఆల్ఫా ఒకటి జన్యువు ప్రతుల్లో ఒకటి తప్పు గొలుసు తయారు చేస్తోందనుకోండి. గొలుసుల్లో సగం మంచివి, సగం చెడ్డవి. తాడుకి రెండు కావాలి, రెండూ మంచివే పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే సగం తప్పు ముప్పావు తాళ్లను పాడుచేస్తుంది. అదే ఆ ప్రతి అసలు గొలుసే తయారు చేయకుండా మూగబోయిందనుకోండి. అప్పుడు తాళ్లు సగమే ఉంటాయి, కానీ ఉన్నవన్నీ మంచివి. ఎముకల పెళుసు జబ్బులో తేలికపాటి రకం ఇదే: చిన్నతనంలో కొన్ని విరుగుళ్లు, కనుగుడ్డు తెల్లభాగంలో నీలిఛాయ, ఎత్తు దాదాపు మామూలే. తప్పు గొలుసు కలిసే రకాల్లో అన్నిటికన్నా తీవ్రమైనది పుట్టకముందే పక్కటెముకలు విరిగి ప్రాణం తీసేది. చెడ్డ పనివాడు ఉండటం కంటే పనివాడు లేకపోవడమే మేలు అన్నమాట. ఎంజైముల లోకంలో ఈ వింత చాలా తక్కువ. కలిసి కట్టే ప్రోటీన్లలో ఇదే మామూలు. నాలుగేసి కలిసి డీఎన్‌ఏని పట్టుకుని క్యాన్సరును అడ్డుకునే పీ53 అనే ప్రోటీన్ దగ్గర కూడా ఇదే లెక్క తిరగబడి క్యాన్సరుకు దారి తీస్తుంది.

కొల్లాజెన్ మాట వచ్చింది కాబట్టి స్కర్వీని వదలలేం. తాడు ఒంటి వేడికి విడిపోకుండా ఉండాలంటే గొలుసులోని చాలా ప్రోలీన్‌లను హైడ్రాక్సీప్రోలీన్‌గా మార్చాలి. ఆ పని చేసే ఎంజైములో ఇనుము ఉంటుంది, ఆ ఇనుము తుప్పు పట్టకుండా చూసేది విటమిన్ సి. హైడ్రాక్సీప్రోలీన్ ఉన్న ముప్పేట సుమారు 40 డిగ్రీల దాకా నిలుస్తుంది. లేనిది 24 డిగ్రీలకే విడిపోతుంది. మన ఒళ్లు 37. కథ అక్కడే ముగిసింది. విటమిన్ సి పూర్తిగా ఆగిన కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు చిగుళ్లు నెత్తురు కారతాయి, ఎందుకంటే పంటిని పట్టుకునే కొల్లాజెన్ ఒంట్లో అన్నిటికన్నా త్వరగా మారేవాటిలో ఒకటి. పాత గాయాల మచ్చలు కూడా విచ్చుకుంటాయి. లోపం ఎంజైము దగ్గర, పతనం తాడు దగ్గర.

ఇక్కడే కొల్లాజెన్ పొడుల గురించి ఒక మాట. తిన్న కొల్లాజెన్ కొల్లాజెన్‌గా చర్మానికి చేరదు. పేగులో అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు ముక్కల పెప్టైడ్లుగా విరుగుతుంది. అందులో ఉన్న హైడ్రాక్సీప్రోలీన్ కొత్త గొలుసులోకి ఎక్కను కూడా ఎక్కదు, జన్యు సంకేతంలో దానికి అక్షరమే లేదు. గొలుసులోకి ఎక్కేది ప్రోలీనే, మార్పు తర్వాత అక్కడికక్కడే జరగాలి. గ్లైసీన్, ప్రోలీన్ దొరుకుతాయి, నిజమే, కానీ ఒళ్లు ఈ రెండిటినీ సొంతంగా చేసుకోగలదు. కొన్ని పెప్టైడ్లు రక్తంలోకి విరగకుండా చేరతాయన్నది కూడా నిజమే. వాటిని పట్టుకుని డబ్బా మీద రాసే హామీల పొడవు మాత్రం నాకు నచ్చదు.

ఆల్బుమిన్ అంకెను ఎలా తప్పుగా చదువుతాం

కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారు చేస్తుంది. రక్తంలో దాని మామూలు మట్టం డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు. ఇది చేసే మొదటి పని ఏ చర్యా లేకుండా ఊరికే ఉండటం. సన్న రక్తనాళాల గోడ గుండా నీరు బయటికి పోవాలని చూస్తుంది, లోపల ఉన్న పెద్ద అణువులు దాన్ని వెనక్కి లాగుతాయి. ఆ లాగుడు మొత్తం సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం, అందులో ముప్పావు వంతు పైగా ఆల్బుమిన్ వాటా. కిడ్నీ జల్లెడ చిరిగి రోజుకు మూడున్నర గ్రాములకు పైగా ప్రోటీన్ మూత్రంలో పోతుంటే పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు, వేలితో నొక్కితే గుంట. వాపులో కిడ్నీ ఉప్పును పట్టి ఉంచడానికి కూడా పెద్ద వాటా ఉంది, నేరమంతా ఆల్బుమిన్ మీదే వేయలేం. పుట్టుకతోనే ఆల్బుమిన్ దాదాపు లేని అరుదైన మనుషులు కొద్దిపాటి వాపుతో బతికేస్తున్నారు, మిగతా ప్రోటీన్లు పెరిగి కొంత భర్తీ చేస్తాయి. అంటే ఉన్నట్టుండి పోవడం వేరు, మొదటి నుంచీ లేకపోవడం వేరు.

రెండో పని మోయడం. కొవ్వు ఆమ్లాలు, బిలిరుబిన్, రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం, సవాలక్ష మందులు. పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. ఆల్బుమిన్ తగ్గగానే “ప్రోటీన్ సరిగా తినడం లేదు” అనేస్తారు. దాని సగం జీవితకాలమే దాదాపు 20 రోజులు, గత వారం తిండి అందులో కనపడదు. పైగా ఒంట్లో ఇన్‌ఫెక్షను, వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే కాలేయం ఆల్బుమిన్ తగ్గించి వేరే ప్రోటీన్లు చేస్తుంది, రక్తనాళాల నుంచి ఆల్బుమిన్ బయటికి కారుతుంది. తగ్గిన ఆల్బుమిన్ ఎక్కువసార్లు జబ్బు గుర్తు, ఆకలి గుర్తు కాదు. అలాంటప్పుడు పక్కనే ఆ ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష కూడా చూడాలి.

కాల్షియం సంగతీ అంతే. మొత్తం కాల్షియం 8.0, ఆల్బుమిన్ 2.5 అని రిపోర్టు వచ్చిందనుకోండి. ఆల్బుమిన్ 4 కంటే తగ్గిన ప్రతి గ్రాముకీ 0.8 కలపాలి: ఒకటిన్నర గ్రాములకు 1.2, మొత్తం 9.2. కాల్షియం లోపమే లేదు, మోసే బండ్లు తగ్గాయి, అంతే. వీలుంటే ఈ సవరణ కన్నా అయనైజ్డ్ కాల్షియం (దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్నది) నేరుగా కొలవడం మంచిది. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ దగ్గర ఇదే తప్పు ప్రమాదకరం. ఆ మందులో 90 శాతం ఆల్బుమిన్‌కి అంటుకుని ఉంటుంది, పనిచేసేది విడిగా ఉన్న 10 శాతమే. ఆల్బుమిన్ 2కి పడితే విడి వాటా రెట్టింపవుతుంది. రిపోర్టులో మొత్తం మందు మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములని వస్తే 10–20 హద్దులోనే ఉందనిపిస్తుంది. సవరించి చూస్తే 24తో సమానం: తూలుడు, కళ్లు అదరడం, మాట తడబడటం. మోతాదు పెంచాల్సిన కేసుగా కనపడినది నిజానికి తగ్గించాల్సిన కేసు. ఇక్కడ మందు మారలేదు, మందును విరిచే ఎంజైమూ మారలేదు. పట్టుకునేవాళ్లు తగ్గారు.

గుమ్మం దగ్గర కాపలా

పొటాషియం చానెల్ నాకు అన్ని ప్రోటీన్లలోకీ ఇష్టమైనది. కణం గోడలో పొటాషియంని పోనిచ్చి సోడియంని ఆపే సన్నని దారి. వింత ఏమిటంటే సోడియం అయాను పొటాషియం కంటే చిన్నది. పెద్దది దూరే సందులో చిన్నది ఎందుకు దూరదు? 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఆ చానెల్ ఆకారాన్ని పరమాణువుల స్థాయిలో బయటపెట్టాక జవాబు తేటతెల్లమైంది. నీళ్లలో ప్రతి అయానూ నీటి అణువులను చుట్టూ కప్పుకుని ఉంటుంది. సందులో దూరాలంటే ఆ దుప్పటి వదిలేయాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. సందు గోడల్లో ఆక్సిజన్ పరమాణువులు వరసలుగా నిలబడి ఉన్నాయి, సరిగ్గా పొటాషియంకి నీటి అణువులు ఎంత దూరంలో ఉండేవో అంత దూరంలో. పొటాషియంకి విప్పిన దుప్పటికి బదులు మరో దుప్పటి దొరికినట్టే. సోడియం చిన్నది కాబట్టి ఆ ఆక్సిజన్లకు అందదు, పెట్టిన ఖర్చు తిరిగి రాదు. అలా ఏరుతూనే ఈ చానెల్ సెకనుకు సుమారు 10 కోట్ల అయాన్లను పంపుతుంది. పట్టు మరీ గట్టిదైతే అయాను అక్కడే ఇరుక్కుపోవాలి, కానీ వరసలో వెనకొచ్చిన పొటాషియం ముందున్నదాన్ని విద్యుదావేశంతో నెట్టేస్తుంది. రసాయనంగా ఏదీ మారలేదు. ఇదే లేకపోతే నరం కదలదు, గుండె ఆగుతుంది.

గుండె కణంలో ఇలాంటి ఒక చానెల్‌ని హెర్గ్ అంటారు. దాని లోపలి గది వెడల్పుగా ఉండటం వల్ల సంబంధం లేని మందులెన్నో అందులో దూరి ఇరుక్కుంటాయి. అప్పుడు ప్రతి కొట్టుకోవడం తర్వాత గుండె కణం మళ్లీ సిద్ధం కావడం ఆలస్యమవుతుంది, ఈసీజీలో క్యూటీ వ్యవధి సాగుతుంది, ఒక్కోసారి లయ తప్పి ప్రాణం పోతుంది. తుమ్ములకు వాడిన టెర్ఫెనడీన్ ఇందుకే 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. ఇప్పుడు కొత్త మందు ఏదైనా హెర్గ్ పరీక్ష దాటాల్సిందే. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు కణం గోడ మీద సంకేతాలు అందుకునే జీ-ప్రోటీన్ రిసెప్టర్లనే ఒక్క కుటుంబం మీద పనిచేస్తాయి, అవీ ఎంజైములు కావు.

యాంటీబాడీల గురించి అందరూ రాస్తారు కాబట్టి రోగనిరోధకత జోలికి వెళ్లను. వాటిని జంటగా వాడటం వల్ల ప్రయోగశాలలో జరిగే ఒక మోసం మాత్రం చెప్పాలి. చాలా హార్మోను పరీక్షల్లో ఒక యాంటీబాడీ హార్మోనుని పట్టి ఉంచుతుంది, గుర్తు అంటించిన రెండో యాంటీబాడీ అదే హార్మోనుని ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. మధ్యలో హార్మోను ఉంటేనే గుర్తు నిలుస్తుంది. హార్మోను మరీ విపరీతంగా ఉంటే? మొదటి యాంటీబాడీకి ఒకటి, రెండోదానికి వేరొకటి దొరుకుతుంది. ఇద్దరి చేతులూ నిండుగానే ఉంటాయి, కానీ ఒకే దాన్ని పట్టుకుని ఉండరు. కడిగేసరికి గుర్తు కొట్టుకుపోయి రిపోర్టు తక్కువగా వస్తుంది. పిట్యూటరీ గ్రంథిలో పెద్ద గడ్డ ఉన్న మనిషికి, ఆ గ్రంథి చేసే ప్రోలాక్టిన్ హార్మోను కాస్తే పెరిగినట్టు కనపడటం ఇలాంటిదే కావచ్చు. విరుగుడు తేలిక: నమూనాను నూరు రెట్లు పలచన చేసి మళ్లీ చూడటం. పలచన చేస్తే అంకె పెరిగిందంటే దొంగ దొరికినట్టే.

ఒక మందు సంగతి చెప్పకుండా ఉండలేను. ట్రాన్స్‌థైరెటిన్ అని థైరాయిడ్ హార్మోనునీ, ఇంకో ప్రోటీన్ సాయంతో విటమిన్ ఏనీ మోసే నాలుగు ముక్కల ప్రోటీన్ ఒకటుంది. వయసుతోనో జన్యు మార్పుతోనో ఆ నాలుగూ విడిపోతే ఒక్కో ముక్కా రూపు చెడి, పీచులుగా పేరుకుని గుండెనూ నరాలనూ బిగుసుకుపోయేలా చేస్తుంది. టాఫామిడిస్ అనే మందు హార్మోను కూర్చునే చోట కూర్చుని నాలుగు ముక్కలనూ కలిపి పట్టి ఉంచుతుంది. ఏ ఎంజైమునూ ఆపదు. పట్టు సడలుతున్న ప్రోటీన్‌కి పట్టు ఇస్తుంది, అంతే. నరాల జబ్బుకి యూరప్‌లో 2011లో, గుండె జబ్బుకి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది.

మయోసిన్ మాటేమిటి

ఇప్పుడు అభ్యంతరం. మయోసిన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును విరుస్తుంది, కాబట్టి ఎంజైమే. సోడియం పంపు ఒక్కో ఏటీపీకి మూడు సోడియంలను బయటికి, రెండు పొటాషియంలను లోపలికి నెడుతుంది, అదీ ఎంజైమే. ఇన్సులిన్ రిసెప్టరు తోక ఫాస్ఫేటు అంటించే ఎంజైము. ఒప్పుకుంటాను. కానీ మయోసిన్‌ని ఏటీపేజ్ (ఏటీపీని విరిచే ఎంజైము) అని సరిపెట్టుకోవడం ఎద్దుని గడ్డి నమిలే జంతువు అని సరిపెట్టుకోవడం లాంటిది. నములుతుంది, నిజమే. దాన్ని కట్టుకున్నది దున్నడానికి. ఏటీపీ విరగ్గా వచ్చిన ఏడీపీ ఎవరికీ అక్కర్లేదు, కావలసింది లాగుడు.

ఆ లాగుడులోనూ చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. మయోసిన్ ఆక్టిన్‌ని పట్టుకోవడానికి శక్తి కావాలనుకుంటాం. కాదు, వదలడానికి ఏటీపీ కావాలి. ఏటీపీ వచ్చి అంటుకోగానే మయోసిన్ చేయి వదులుతుంది, దాన్ని విరిచి చేయి వెనక్కి ఎత్తుతుంది, మళ్లీ పట్టుకుని లాగుతుంది. ప్రాణం పోయిన కొన్ని గంటలకు ఏటీపీ అయిపోతుంది. పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండిపోతాయి, ఒళ్లు కొయ్యబారుతుంది. ఒకటి రెండు రోజులకు సడలేది శక్తి తిరిగి వచ్చి కాదు, ప్రోటీన్లే కుళ్లి విరిగి.

అడ్డం తిరిగిన ఉదాహరణ కూడా ఉంది. బాతు కంటి కటకంలో నిండి ఉన్న ప్రోటీన్లలో ఒకటి లాక్టేట్ డీహైడ్రోజినేజ్. కండరంలో, గుండెలో లాక్టిక్ ఆమ్లాన్ని మార్చే అచ్చమైన ఎంజైము. కటకంలో దాన్ని అంత దండిగా పోసింది కాంతిని వంచడానికి. పారదర్శకంగా, చిక్కగా, ఏళ్ల తరబడి గడ్డకట్టకుండా ఉండగలిగే ప్రోటీన్ కావలసి వచ్చింది, చేతికందింది అది.

మన కటకంలో ఆ పని క్రిస్టలిన్లది. కటకం బరువులో దాదాపు మూడో వంతు ప్రోటీనే. నడిమి భాగంలోని కణాలు కాంతికి అడ్డం రాకుండా తమ కేంద్రకాలనూ, ప్రోటీన్ తయారుచేసే యంత్రాంగాన్నీ తీసేసుకుంటాయి. కాబట్టి అక్కడి క్రిస్టలిన్లు పుట్టకముందు తయారైనవే, మార్చడం, కొత్తవి వేయడం ఉండదు. దశాబ్దాల అతినీలలోహిత కాంతికి, ఆక్సీకరణానికి అవి ఒక్కొక్కటే రూపు చెడి విచ్చుకుంటుంటే, ఆల్ఫా క్రిస్టలిన్ వాటిని పట్టుకుని ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. పట్టుకున్నదాన్ని ఇక వదలదు. నడివయసు దాటేసరికి కటకం నడిమిలో ఖాళీ చేతులున్న ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు మిగలదు. ఆ తర్వాత విచ్చుకున్న ప్రతి ప్రోటీనూ పక్కదానికి అంటుకుంటుంది, ఆ ముద్దలు కాంతిని చెదరగొట్టేంత పెద్దవయ్యాక చూపు మసకబారుతుంది.